ఊరి బయళ్లు - పంచాయతుల బాధ్యత

మండలకేంద్రములైన మన పెద్దగ్రామములలోను, చిన్నపురములలోను ఊరుమ్మడి బయళ్లు ఏటేట తఱిగిపోవుచున్నవి. ఇది యెల్లరు నెఱిగిన సంగతియే. అయినను దీనిని గూర్చి వ్రాయువారును, ఉపన్యసించువారును తఱచుగ పట్టణవాసుల కంటితోనే చూచుచుందురు. పిల్లలు ఆడుకొనుటకు చోటు లేదనియు, వృద్ధులు సాయంకాలము నడచుటకు తావు లేదనియు, చల్లగాలికి కఱవు వచ్చినదనియు వారు చెప్పుదురు. అది నిజమే, మేము కాదనము. కాని సేద్యము చేయువారికి ఊరిబయలు విహారస్థలము మాత్రమే కాదు, అది పనిచోటు. నాగలి యెట్టి పరికరమో కళ్లమును అట్టి పరికరమే. ఈ సంగతి పంచాయతి కార్యాలయమునగాని, తహశ్శీలుదారుని కచ్చేరియందుగాని గుర్తింపబడినట్లు కానరాదు. కావున ఈ నెల పరపతి విషయమును, ఎరువుల విషయమును ప్రక్కనుంచి, ఈ బయళ్లను గూర్చి మా సభ్యులకు కొన్ని మాటలు విన్నవింపదలచితిమి.

పూర్వము సర్వేవారు గ్రామమును గొలిచినప్పుడు ప్రతి బయలునకు నొక పేరును, నొక నెంబరును ఇచ్చిపోయిరి. మేత పోరంబోకు, మందబయలు, కళ్లపు పోరంబోకు, బండ్లు నిలుపు తావు, తోపు, శ్మశానము, చెఱువు, వాగు, బాట అని ఆంధ్రప్రాంతపు డైగ్లాటు రిజిస్టరులలో వరుసగ వ్రాయబడియున్నవి. తెలంగాణములో సేత్వారులోను, 1954-55 నాటి ఖాస్రా పహాణీలోను ఇట్టి భూములు కనబడును. అచ్చట మేతభూమిని బంచరాయి యందురు. పోరంబోకు అనగనే పనికిమాలిన నేల యని పలువురి తలంపు. శిస్తు లేనిదియు, ఒకని పట్టాకు చెందనిదియు, ఊరి యుపయోగమునకై విడువబడినదియు నైన భూమికి ఆ పేరు. మన జనులు పని పాటు లేక తిరుగువానిని గూడ నా మాటతోనే తిట్టుట వాడుక యైనది. ఆ తిట్టు క్రమముగ భూమికిని తగిలినది కాబోలు. శిస్తు రాని నేలను గూర్చి గ్రామోద్యోగులకు శ్రద్ధ తక్కువ. శ్రద్ధ లేని నేలను గూర్చి ఆశ గలవా రెక్కువ.

ఇందు కళ్లపు పోరంబోకు సంగతి మేము ప్రత్యేకముగ చెప్పవలసియున్నది. ఏలయన, బయళ్లలో మొదట మాయమైనది అదియే. "కోతమిషను వచ్చిన తరువాత కళ్లముతో పని యేమి?" అని విద్యావంతులే యడుగుచున్నారు. వారు పొలము పని చూచి యెఱుగరని మాత్రము మేమనగలము. కొడవలితో కోసిన కాలమున పైరు పనలుగ చేనిలోనే కొన్ని దినములు ఎండెడిది. దానిని మోపులు గట్టి కుప్ప వేసెడివారు. ఆ కుప్ప నెల గాని, రెండు నెలలు గాని యుండెడిది. గింజ కుప్పలోనే ఆఱి, ఎద్దులతోనో ట్రాక్టరుతోనో నూర్చి తూర్పారబట్టునాటికి గలగలలాడెడిది. ఊరిలోని నూర్పులన్నియు ఒక్కసారిగ జరిగెడివి కావు. సంక్రాంతికి ముందు కొందఱు, తరువాత కొందఱు, తీరికను బట్టి ఒకరి వెనుక నొకరు అదే కళ్లమును వాడుకొనెడివారు. ఇప్పుడు మిషను చేనిలో దిగిన పూటకు ఎకరములకొలది కోతయు, నూర్పును ఒక్కటిగ ముగిసి, పచ్చిగింజ ట్రాక్టరులో పడుచున్నది. దానిలో తేమ నూటికి 20 పాళ్లు దాటియుండుట సాధారణము. ప్రభుత్వము మద్దతుధరకు ధాన్యము కొనుటకు ఏర్పఱచిన హద్దు 17 పాళ్లు. ఆ పై నున్న తేమను తీయుటకు మూడు నాలుగు దినముల ఎండయు, చదునైన గట్టినేలయు గావలెను. అదియు ఊరంతటికి ఒక్కసారియే కావలెను. మిషనులు వచ్చిన పక్షము దినములలో ఊరి పంట యంతయు ఇంటికి వచ్చుచున్నది గదా! యంత్రము వచ్చుటచే కళ్లము అక్కఱ పోయినదను మాట తలక్రిందులుగ నున్నది. యంత్రము వచ్చుటచేతనే కళ్లము అక్కఱ నాలుగింతలైనది.

కళ్లము లేనందున ధాన్యము రోడ్డుకెక్కినది. కోతల కాలమున గోదావరి, కృష్ణా డెల్టాలలోగాని, తెలంగాణములో చెఱువుల క్రింది గ్రామములలోగాని ప్రయాణము చేసినవారికి ఈ దృశ్యము క్రొత్త గాదు. తారురోడ్డున సగభాగము ధాన్యము. దాని యంచున రాళ్ల వరుస. రాత్రికి నల్లని పట్టాలు కప్పి పైన బరువులు. చీకటిలో ఆ రాళ్లకు తగిలి మోటారుసైకిళ్లు పడిపోవుటయు, ప్రాణములు పోవుటయు ఏటేట పత్రికలలో చదువుచున్నాము. పోలీసువారు వచ్చి తీయుమందురు. రైతు ఎచ్చటికి తీయవలెను? ప్రమాదమున మరణించిన వాని కుటుంబము రైతును నిందించును. ఆ నింద న్యాయమే. కాని ఆ రైతును రోడ్డు మీదికి నెట్టిన దెవరో యని విచారించువారు లేరు. 2023 డిసెంబరు 5వ తేదీన మిచౌంగు తుపాను బాపట్లకు చేరువను తీరము దాటినప్పుడు కోయని పైరు చేనిలోను, కోసిన ధాన్యము ఆఱబోసిన చోటను తడిసినవి. చేనిలోని పైరును కాపాడుట మానవసాధ్యము గాదు. గింజ చేతికి వచ్చిన తరువాత, మెఱక మీద గట్టినేలయు, ప్రక్కనే నిలువచేయు చావడియు నున్నచో కొంతయైనను దక్కి యుండెడిది.

తెలంగాణములో రైతుల పొలములలో సిమెంటు కళ్లములు గట్టించుటకు ఉపాధిహామీ సొమ్ము వినియోగింపబడెను. ఆ సొమ్ము, సుమారు 151 కోట్ల రూపాయలు, తిరిగి చెల్లింపవలసినదని కేంద్రప్రభుత్వము కోరగా 2022 డిసెంబరులో పెద్ద వివాదము నడచినది. అందలి రాజకీయముతో మాకు పని లేదు. మాకు తోచినది వేఱు. సొంత పొలములో కళ్లము గట్టుకొనుటకు సొంత పొలముండవలెను. ఎకరమో, రెండెకరములో కౌలుకు చేయువానికి యజమాని కళ్లము గట్టి యిచ్చునా? అట్టివానికి ఊరుమ్మడి కళ్లమే శరణ్యము. కోట్లు వెచ్చించి పొలము పొలమున గట్టింపబూనినది ఒకప్పుడు ప్రతి యూరను వెల లేకుండ నుండినదే యని మఱువరాదు.

ఈ బయళ్లు ఎట్లు పోయినవి? దొంగలు దోచిరని చెప్పుట సులభము. కొంతవఱకు అది నిజము కూడ. బయలునకు ప్రక్కచేను గలవాడు ఏటికొక సాలు చొప్పున గట్టు జరుపుచు వచ్చును. ఇరువది యేండ్లకు అది అరయెకర మగును. అట్టి సాలు జరుపువారిలో రైతులే, మన సంఘముల సభ్యులే యుందురని చెప్పుటకు మేము సంకోచింపము. మఱియొకడు దేవుని పేరున ఒక అరుగు కట్టును. అరుగు ప్రక్క రేకులపాక, పాక ముందు దుకాణము, దుకాణము మీద మేడ. నాయకుని విగ్రహము చుట్టును ఇట్లే జరుగుట గలదు. కాని మా చూపునకు, ఇట్లు పోయిన భూమి కంటె మంచి పనుల పేరున పోయిన భూమియే హెచ్చుగ గనబడుచున్నది. 1985లో ఆంధ్రప్రదేశమున మండలములు ఏర్పడినప్పుడు ఎన్నో గ్రామములు ఒక్కసారిగ కేంద్రములైనవి. మండల కచ్చేరి, పరిషత్తు కార్యాలయము, పోలీసుఠాణా, ఆసుపత్రి, కళాశాల, గిడ్డంగి, నీటి ట్యాంకు, విద్యుత్ ఉపకేంద్రము - ఒక్కొక్కదానికి స్థలము గావలసివచ్చినది. పట్టాభూమి కొనవలెనన్న సొమ్ము గావలెను, కాలహరణము, కోర్టు వ్యాజ్యము. కళ్లపు బయలు తీసికొన్నచో ఎవ్వడును నష్టపరిహార మడుగడు. ఆసుపత్రికి, బడికి ఎవరడ్డు చెప్పుదురు? ఊరు చప్పట్లు కొట్టినది. ఒక్కొక్క భవనమునకు ఒక్కొక్కసారి చప్పట్లు కొట్టి, చివరకు తలయెత్తి చూచుసరికి బయలు లేదు.

ఇట్టి సందర్భమున బెంగుళూరులో జరిగిన వ్యాజ్య మొకటి స్మరింపదగియున్నది. అచ్చట ఉద్యానమునకై ప్రణాళికలో ఉంచిన స్థలమును ఒక ట్రస్టువారికి ఆసుపత్రి కట్టుటకై యిచ్చిరి. ఇరుగుపొరుగు నివాసులు కోర్టు కెక్కిరి. 1991లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపు చెల్లదని తీర్పు చెప్పెను. ఆసుపత్రియు లోకోపకారమే గదా యను వాదము అచ్చట నిలువలేదు. ఒక ప్రజోపయోగమును చంపి మఱియొక ప్రజోపయోగమును నిలుపుటకు అధికారులకు స్వేచ్ఛ లేదనుట దాని సారముగ మేము గ్రహించుచున్నాము. నగరమునందలి ఉద్యానమునకు దక్కిన ఈ మర్యాద పల్లెటూరి కళ్లమునకు ఏల దక్కరాదు?

చట్టము లేక ఈ యనర్థము వచ్చినదని యెవరైన ననుకొన్నచో అది పొరపాటు. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతిరాజ్ చట్టములోని 58వ సెక్షను ప్రకారము మేతభూములు, కళ్లములు, శ్మశానములు, పశువులు నిలుచు తావులు, తోపులు మొదలగు పోరంబోకులు, ప్రభుత్వమునకు ప్రత్యేకమైన పని కొఱకు అవసరము లేనంతవఱకు, గ్రామపంచాయతికి దఖలు పడియున్నవి. ప్రభుత్వము తనకు గావలెనన్నచో గెజెటులో ప్రకటించి తిరిగి తీసికొనవలెను. అనగా, నోటిమాటతోగాని, ఒక అధికారి ఉత్తరముతోగాని ఆ హక్కు పోదన్నమాట. ఆక్రమించిన వానిని నోటీసు ఇచ్చి తొలగించుటకు 1905 నాటి భూఆక్రమణ చట్టము నూఱేండ్లకు పైబడి యున్నది. పంచాయతి ఆస్తులకు రిజిస్టరు నుంచవలెననియు, ఆక్రమణలను గుర్తించి తొలగింపవలెననియు 2011లో ప్రత్యేకముగ నియమములు వెలువడినవి. ఇక రిజిస్ట్రేషను చట్టములో 2007లో చేరిన 22-ఏ సెక్షను క్రింద నిషిద్ధభూముల పట్టికలో స్థానికసంస్థల భూములను చేర్పించుకొనుటకు వీలున్నది. అట్లు చేరినచో ఆ నెంబరు మీద విక్రయపత్రము వ్రాసికొన్నను సబ్ రిజిస్ట్రారు నమోదు చేయడు. తెలంగాణములో 2018 నుండి వేఱుచట్టము అమలులోనికి వచ్చినను, ఆస్తుల కావలి బాధ్యత అచ్చటను పంచాయతిదే. ఇన్ని కవచములుండియు దెబ్బ తగులుచున్నదనగా, కవచము గూటికి వ్రేలాడుచున్నదనియే యర్థము.

పంజాబు దేశమున పటియాలా జిల్లాలోని రోహర్ జాగీర్ అను గ్రామపు కథ మా సభ్యులు తప్పక తెలిసికొనవలెను. అచ్చట ఊరి చెఱువును కొందఱు పూడ్చి యిండ్లు కట్టుకొనిరి. జిల్లా కలెక్టరు, కట్టిన యిండ్లను తీయించుట ప్రజాహితము గాదనియు, ఆ భూమికి వెల గట్టి వారియొద్ద సొమ్ము రాబట్టవలసినదనియు ఆజ్ఞాపించెను. న్యాయముగనే కనబడు మాట! పంచాయతి దానికి ఎదురు చెప్పలేదు, పై యధికారికి అప్పీలును చేయలేదు. అప్పీలు చేసినవారు సామాన్య గ్రామస్థులు. విచారించిన కమీషనరు, పంచాయతియే ఆక్రమించినవారితో కుమ్మక్కైనదని వ్రాసి, కలెక్టరు ఆజ్ఞను కొట్టివేసెను. 2011 జనవరి 28వ తేదీన సుప్రీంకోర్టు, జగ్‌పాల్ సింగ్ వ్యాజ్యమున, కమీషనరు తీర్పునే ఖాయపఱచెను. ఇండ్లకు ఎంత సొమ్ము వెచ్చించినను, ఎన్నియేండ్లుగ అనుభవించుచున్నను, రాజకీయబలము ఎంత యున్నను అది ఆక్రమణను క్రమబద్ధము చేయుటకు కారణము గానేరదని చెప్పి, దేశములోని రాష్ట్రప్రభుత్వము లన్నియు గ్రామసభల భూములను విడిపించుటకు పథకములు సిద్ధముచేయవలసినదని ఆదేశించెను. మనరాష్ట్రపు 2011 నియమములు ఆ తీర్పు వెనువెంట వచ్చినవే.

ఈ కథలో మాకు ముఖ్యముగ దోచునది తీర్పు గాదు, పంచాయతి మౌనము. మేతభూమిని వేఱు తరగతికి మార్చవలెనన్నను, బయలులో కట్టడము కట్టవలెనన్నను, పంచాయతి తీర్మానము నడుగుట మన ప్రాంతములందును ఆనవాయితీ. ఆ తీర్మానము ఎట్లు పుట్టుచున్నది? కార్యదర్శి వ్రాసికొనివచ్చును, సర్పంచి సంతకము చేయును, సభ్యులు తరువాత వ్రేలు పెట్టుదురు. గ్రామసభ జరిగినట్లు పుస్తకము చెప్పును, ఊరెఱుగదు. సర్పంచిని తూలనాడుట మా యుద్దేశము గాదు. పైనుండి ఒత్తిడి వచ్చును, ఊరిలో పెద్దయిల్లు ఒత్తిడి చేయును, కాదనుటకు వెనుక నిలుచువా రుండరు. బయలు కావలయునని వచ్చినవా డొకడే, వాని పేరు తెలియును. బయలు పోవుటచే నష్టపడువారు నాలుగువందల మంది, ఒక్కడును రాడు. ఈ పరిస్థితిలో ధైర్యముతో "వల్లకాదు" అనిన సర్పంచులు లేకపోలేదు. వారికి ఎన్నికలలో పట్టుపంచెలు దక్కలేదని గూడ మేమెఱుగుదుము.

ఇండ్లస్థలముల ప్రశ్నను దాటిపోవుట న్యాయము గాదు. బయలు కాపాడవలెనన్న ప్రతివాడును పేదవాని గుడిసె మీదికే ముందు పోవుట లోకరీతి. గుడిసెను పీకి, కల్యాణమండపమును ముట్టని పంచాయతి బయలును కాపాడినదని మేము ఒప్పుకొనజాలము. పైన చెప్పిన 2011 తీర్పులోనే, భూమి లేని కూలీలకును, షెడ్యూల్డు కులములవారికిని, తెగలవారికిని ప్రభుత్వము కౌలుగ నిచ్చిన స్థలములకును, అప్పటికే బడి, వైద్యశాల మొదలగునవి యున్న స్థలములకును మినహాయింపు సూచింపబడియున్నది. అది సమంజసమే. ఇక మీదట ఇండ్లస్థలములకు భూమి గావలసినపుడు ప్రభుత్వము కొని యియ్యవలెను. ఊరిమేత పంచి యిచ్చుట పేదవానికి ఉపకారమని చెప్పువారు, ఆ మేతభూమిలో మేకలను, గేదెను మేపుకొను వాడును పేదవాడే యని తెలిసికొనవలెను. పదెకరముల రైతునకు గడ్డి తన పొలములో నున్నది. వితంతువు తోలుకొనిపోవు రెండు మేకలకు బంచరాయి దప్ప వేఱు గతి లేదు. ఒక పేదవాని కూడు తీసి మఱియొక పేదవానికి గూడు కట్టుటను మేము ధర్మమనజాలము. అయినను చాలయూళ్లలో ఈ చిక్కు ఇంత తేలికగ తీరదు. వెల పెట్టి కొనుటకు చుట్టుప్రక్కల భూమి దొరకక, దొరకినది ఊరికి మూడుమైళ్ల దూరమున నున్నపుడు ఏమి చేయవలెనో ఆ యూరి గ్రామసభయే కూర్చుండి తేల్చుకొనవలసియున్నది.

లేఅవుటుల సంగతి మఱియొకటి. రోడ్డుప్రక్క పొలములు ఇండ్లస్థలములుగ మాఱుచున్న ఈ కాలమున, లేఅవుటు వేయువాడు మొత్తము విస్తీర్ణములో నూటికి పదివంతులు ఖాళీస్థలముగ విడిచి స్థానికసంస్థకు దానపత్రము మూలమున అప్పగింపవలెనని నియమము. ఇది మంచి నియమము. సరిగ నడచినచో, పోయిన బయళ్లకు బదులుగ క్రొత్తబయళ్లు వచ్చుచుండవలెను. కాని విడుచునది ఎచ్చట? కాలువ మూలను, పెద్ద విద్యుత్ తీగల క్రింద, ఇంటిస్థలమునకు పనికిరాని మూడుమూలల ముక్కలో. పటములో పచ్చరంగు వేసిన ఆ ముక్కకు దానపత్రము వ్రాయించుకొనుట పంచాయతి మఱచును. పదేండ్లకు అదియు ఒక ప్లాటై అమ్ముడుపోవును. దానపత్రము నమోదు కానిదే అనుమతి పత్రము చేతికి ఇయ్యరాదు. ఇంకొక మాట. ప్రక్కప్రక్కన మూడు లేఅవుటులు వచ్చుచున్నప్పుడు మూటి పదివంతులను ఒక్కచోట చేర్చి తీసికొనునట్లు పంచాయతి ముందే బేరమాడవలెను. అరయెకరపు ముక్కలు మూడింటిలో ఏ పనియు జరుగదు. ఒకటిన్నర యెకరపు చదునునేలలో ఊరి ధాన్యము చాలవఱకు ఆఱును.

ఇప్పుడు ఈ మాట లెత్తుటకు కారణము గలదు. కొలతల కాలము వచ్చినది. 2020 ఏప్రిలు 24వ తేదీన ఆరంభింపబడిన స్వామిత్వ పథకము క్రింద గ్రామకంఠములను డ్రోనులతో చిత్రించి ఇండ్లవారికి ఆస్తిపత్రము లిచ్చు పని దేశమంతట సాగినది. ఆంధ్రప్రదేశములో 2020 డిసెంబరులో పొలముల పునఃకొలత ఆరంభమై, ప్రభుత్వములు మాఱినను విడతలు విడతలుగ నడచుచున్నది. కొలత దినమున ప్రతి పట్టాదారును తన చేనిగట్టున నిలుచుండి, తన హద్దు తాను చూపుకొనుచున్నాడు. ఊరిబయలు కొలుచునప్పుడు అచ్చట ఎవడు నిలుచుచున్నాడు? చుట్టునున్న నలుగురు పట్టాదారులు నాలుగువైపుల నుండి చూపిన హద్దుల నడుమ ఏది మిగులునో అదియే బయలగుచున్నది. శతాబ్దముగ గట్టు జరుపుచు వచ్చిన సాళ్లన్నియు ఈ ఒక్క దినముతో శాసనసిద్ధము లగును. కొలత ఖాయమైనట్లు ప్రకటన వెలువడి, అభ్యంతరముల గడువు దాటిన పిమ్మట మొత్తుకొన్న ప్రయోజన మేమి? కావున కొలత దినమున పంచాయతి కార్యదర్శితో గూడ సహకారసంఘపు డైరెక్టరొకరును, పాత హద్దు లెఱిగిన ముసలి రైతు లిద్దఱును, పాత గ్రామపటము చేతబట్టుకొని బయలు పక్షమున నిలువవలెను. ముసలివారు ఉండగనే ఈ పని కావలెను. చింతచెట్టు మొదలు, పాతబావి, గుండ్రాయి - వారి జ్ఞాపకములోని ఈ గుఱుతులు ఏ డ్రోనుకును కనబడవు.

హద్దు తేలిన తరువాత రక్షణ అనగానే కొన్ని పంచాయతులు ఇనుపకంచె వేసి, లోపల పూలమొక్కలు నాటి, గేటుకు తాళము వేయుచున్నవి. తెలంగాణములో 2020 నుండి ఊరూర పల్లె ప్రకృతి వనములు నాటబడినవి. నీడయు, పచ్చదనమును కలుగుట మెచ్చదగినదే. అయినను ప్రతి బయలును వనమగుట మాకు సమ్మతము గాదు. వాడుకలో నున్న బయలు ఆక్రమణకు లోబడుట అరుదు. వాడుక తప్పిన బయలును తాళము కాపాడలేదు. కోతల కాలమున కళ్లము, తక్కిన మాసములలో వారపుసంత, సాయంకాలము పిల్లల ఆట, ఎండకాలమున పశువులమంద - ఒకే నేల ఇన్నిటికి చాలును. హద్దురాళ్లు పాతి, మెఱక చేసి, వాననీరు పాఱుటకు చుట్టును కాలువ త్రవ్వి, అంచులలో కానుగ, వేప నాటినచో చాలును. కళ్లము వాడుకొనువారి వరుసను సంఘము నిర్ణయింపవచ్చును. ఎకరమునకు ఇంత యని స్వల్పరుసుము పుచ్చుకొని శుభ్రపఱచుటకు వినియోగింపవచ్చును. తేమ చూచు యంత్రమును, పట్టాలను సంఘము అచ్చటనే యుంచినచో, కొనుగోలు కేంద్రమునకు పోయి తేమ హెచ్చని వెనుకకు తిరుగు బండికూలి రైతునకు మిగులును. పంచాయతికి ఈ బయలు వలన రాబడి లేదని యాక్షేపించువారికి ఇంతకంటె జవాబు అక్కఱలేదు.

పెద్దపంచాయతులు నగరపంచాయతు లగునప్పుడు ఇంకొక ప్రమాదము గలదు. పాత కార్యాలయపు పుస్తకములు మూటగట్టి క్రొత్త కార్యాలయమునకు చేరవేయుదురు. ఆ త్రోవలో ఆస్తుల రిజిస్టరు కనబడకుండ పోవుట అసాధారణము గాదు. అట్టి మార్పు రానున్న యూళ్లలో, ఆ రిజిస్టరునకు ధ్రువీకృతమైన నకలును ఇప్పుడే తీసి సంఘపు పెట్టెలో భద్రపఱచుట మేలు.

మన సంఘముల కార్యదర్శులకు మా మనవి ఇది. బయలు హద్దులు చూపుటకు సర్వేయరును పంపవలసినదని తహశ్శీలుదారునకు వ్రాయు అర్జీతో గ్రామపటపు నకలు, ఆ సర్వే నెంబరు డైగ్లాటులో ఎట్లు వ్రాయబడినదో తెలుపు నకలు, గ్రామసభ తీర్మానపు నకలు జతపఱుపవలెను. మొదటి రెండును కచ్చేరిలో రుసుము చెల్లించి పొందవచ్చును. కొంత తిరుగుట తప్పదు. మూడవదానికి సభ్యులు గ్రామసభకు నిజముగ పోవలెను, పోయి తీర్మానపు పుస్తకములో సంతకములు చేయవలెను. కళ్లపు పోరంబోకు నెంబరు తెలియని సంఘములవారు ముందు దానిని వెదకవలెను. దాళ్వా కోతమిషనులు ఏప్రిలులో దిగును. అంతకుముందే ఫిబ్రవరిలో నేల కొలిపించుకొన్న యూళ్లకు హద్దురాళ్లు పాతించుటకును, నేల చదును చేయించుటకును వ్యవధి యుండును.